మోతాదు లేని మందు: మోకాలికి రాసిన విశ్రాంతి

"లిగమెంటు ఒకసారి తెగిందంటే ఆ మోకాలు ఇక అంతే. ఎంత తక్కువ వాడితే అంత ఎక్కువ కాలం వస్తుంది. మెట్లెక్కకు, గొంతుక్కూర్చోకు, బరువెత్తకు. జాగ్రత్తగా చూసుకో."

బైకు మీంచి పడ్డవాళ్లు, కబడ్డీలో కాలు మెలితిరిగినవాళ్లు, తడి బండ మీద జారినవాళ్లు ఈ మాట వినే ఉంటారు. ఇంట్లో పెద్దవాళ్లు అంటారు, మందుల షాపులో అంటారు, కొందరు డాక్టర్లూ అంటారు. దెబ్బ తగిలి అయిదేళ్లయినా పదేళ్లయినా ఈ సలహాకు మాత్రం గడువు తీరదు.

ఈ అభిప్రాయానికి ఆధారాలు లేకపోలేదు. వాటిని తక్కువ చేసి చూపించి గెలిచాననుకోవడం నాకిష్టం లేదు. మోకాలి మధ్యలో ఉండే ఏసీఎల్ అనే లిగమెంటు పూర్తిగా తెగితే చర్మం మీద గాయం మానినంత తేలిగ్గా మానదు. మృదులాస్థి, అంటే మనం గుజ్జు అని పిలిచేది, ఒకసారి పోతే తిరిగి మునుపటిలా పెరగదు. దెబ్బతిన్న మోకాలికి కీళ్లవాతం తొందరగా వస్తుందన్నదీ నిజమే. ఏసీఎల్ తెగిన మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారులను స్వీడన్‌లో 12 ఏళ్ల తర్వాత పరీక్షించారు. ఎక్స్‌రే తీయించుకున్నవారిలో సగం మందికి కీళ్లవాతం ఆనవాళ్లు కనబడ్డాయి. అప్పటికి వాళ్ల సగటు వయసు 31. భయపడాల్సిన సంగతే.

కానీ ఈ నిజాల నుంచి "కాబట్టి వాడకు" అన్న ముగింపు ఎలా వచ్చింది? ఆ "కాబట్టి" దగ్గరే నా అభ్యంతరమంతా. దాని వెనక తర్కం లేదు, ఒక పోలిక మాత్రం ఉంది.

1. మోకాలు టైరు కాదు

ఆ పోలిక బండి టైరుది. టైరుకు ఇన్ని కిలోమీటర్లని లెక్క ఉంటుంది, తిరిగిన కొద్దీ అరుగుతుంది, షెడ్డులో పెడితే మిగులుతుంది. మోకాలూ అంతేనంటారు.

పొలంలో పార పట్టే మనిషిని చూడండి. ఏళ్ల తరబడి పట్టగా పట్టగా పార కర్ర నున్నగా అరిగిపోతుంది. దాన్ని పట్టిన అరచెయ్యి కాయ కాసి గట్టిపడుతుంది. రాపిడి ఒకటే, ఫలితాలు రెండు. కర్రలో ప్రాణం లేదు, చేతిలో ఉంది. ప్రాణమున్న కణజాలం తన మీద పడిన బరువును బట్టి తనను తాను మార్చుకుంటుంది. మితిమీరితే పుండవుతుంది, మితంగా ఉంటే గట్టిపడుతుంది, అసలు లేకపోతే మెత్తబడుతుంది. మోకాలిని టైరుతో పోల్చేవాళ్లు ఈ మూడింటిలో మొదటిదాన్నే చూస్తారు.

మృదులాస్థిలో రక్తనాళాలు ఉండవు. దానికి తిండి కీలులోని జిగురు ద్రవం నుంచి అందాలి. స్పాంజిని నొక్కి వదిలితే నీళ్లు పీల్చుకున్నట్టు, కీలు మీద బరువు పడి లేస్తుంటేనే ఆ ద్రవం లోపలికీ బయటికీ ఆడుతుంది. కదలని కీలులో గుజ్జు భద్రంగా ఉండదు, ఆకలితో ఉంటుంది. కీళ్లను కదలకుండా కట్టిపెట్టే అలవాటు మీద టొరంటోలో రాబర్ట్ సాల్టర్ అనే ఎముకల సర్జన్ 1970ల్లోనే తిరగబడ్డారు. కుందేళ్ల మోకాళ్ల మీద ప్రయోగాలు చేసి, కదిలించిన కీలులోనే మృదులాస్థి గాయం మెరుగ్గా మానుతుందని చూపించారు. మన దగ్గర మాత్రం విరిగిన ఎముకకు కట్టు కట్టి కదలనివ్వకుండా ఉంచే పద్ధతిని లిగమెంటుకూ గుజ్జుకూ యథాతథంగా అంటగట్టారు. కట్టు ఎముకకు పనికొచ్చింది గనుక కీలుకూ పనికొస్తుందనుకోవడమే మొదటి పొరపాటు.

పరుగు సంగతీ చెప్పుకోవాలి, ఎందుకంటే "పరిగెత్తితే మోకాళ్లు అరుగుతాయి" అన్నది ఈ నమ్మకానికి తోబుట్టువు. అనేక అధ్యయనాలను కలిపి 2017లో వేసిన లెక్క ప్రకారం తుంటి, మోకాలి కీళ్లవాతం సరదాగా పరిగెత్తేవాళ్లలో 3.5 శాతం మందికి కనబడితే, పరుగు జోలికి పోనివాళ్లలో 10.2 శాతం మందికి కనబడింది. పోటీల స్థాయిలో పరిగెత్తేవాళ్లలో 13.3 శాతం. పరుగే కాపాడిందని ఈ అంకెలు రుజువు చేయవు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే పరుగుకు దిగుతారని ఎవరైనా అనొచ్చు, ఒప్పుకుంటాను. కానీ టైరు సిద్ధాంతమే నిజమైతే కూర్చున్నవాళ్ల అంకె అన్నిటికంటే చిన్నదై ఉండాలి. కాలేదు.

2. విశ్రాంతి తటస్థంగా ఉండదు

నా మాటలో బరువంతా ఇక్కడే ఉంది కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను.

విశ్రాంతి వల్ల మేలు జరగకపోయినా కీడైతే ఉండదు కదా అన్న భరోసాతో ఈ సలహా ఇస్తారు. అది తప్పు. విశ్రాంతి పని చేస్తుంది, ముందుగా తొడ మీద చేస్తుంది.

ఇరవై ఏళ్ల కిందట, డిగ్రీ రెండో ఏడాదిలో, కబడ్డీ కూతకు వెళ్లి వెనక్కి తిరగబోతుంటే నా ఎడమ పాదం నేలలో నాటుకుపోయింది. ఒళ్లు తిరిగింది, కాలు తిరగలేదు. లోపల టప్పున తెగిన చప్పుడు నాకు వినబడింది. సాయంత్రానికి మోకాలు పెద్ద కొబ్బరికాయంత వాచింది. వాపు తగ్గేదాకా కదపొద్దన్నారు, న్యాయమే. వాపు తగ్గాకా అదే మాట అన్నారు. ఏడాది తర్వాత నొప్పి అని వెళితే మరో ఆర్నెల్లు "రెస్టు" రాశారు. ఆ రోజుల్లో ఒకసారి పంచె కట్టుకుంటూ అద్దంలో చూసుకుంటే నా రెండు తొడలూ ఒకరివి కావనిపించింది. మా అమ్మ దర్జీ టేపు తెచ్చి కొలిచింది. మోకాలి చిప్పకు జానెడు పైన ఎడమ తొడ నాలుగు సెంటీమీటర్లు తక్కువ. అంత కండ కరిగిపోయిందని అప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు, ఎవరూ కొలవలేదు.

ఇలా ఎందుకవుతుందో వైద్యానికి ఎప్పటినుంచో తెలుసు. కీలు వాచినప్పుడు అక్కడి నాడులు వెన్నుపాముకు కబురు పంపుతాయి. వెన్నుపాము తొడ ముందు కండరాన్ని అదుపు చేసి సగం మూసేస్తుంది. ఆరోగ్యవంతుల మోకాళ్లలోకి ఉప్పునీరు ఎక్కించి చూసిన ప్రయోగాల్లో 20, 30 మిల్లీలీటర్లకే చిప్ప లోపలివైపు కండరం మందగించింది. అంటే మహా అయితే రెండు పెద్ద చెంచాల ద్రవం. నొప్పి లేకపోయినా ఈ అణచివేత ఉంటుంది, వాపు తగ్గాక దానంతటది పూర్తిగా తొలగిపోదు. పని చెప్పి కండరాన్ని మళ్లీ లేపాలి. సరిగ్గా అప్పుడే మనం దాన్ని పడుకోబెట్టమంటున్నాం.

తర్వాత జరిగేది ఒక గానుగ. తొడ బలం తగ్గితే మెట్టు దిగేటప్పుడు కాలిని మెల్లగా దించే పట్టు పోతుంది, ఆ తాకిడంతా చిప్ప వెనక పడుతుంది. నొప్పి వస్తుంది. నొప్పి వచ్చింది కదా అని మెట్లు మానేస్తాం, తొడ ఇంకా చిక్కుతుంది. ఇంకొన్నాళ్లకు కుర్చీలోంచి లేవడమే కష్టమవుతుంది. అప్పుడు అందరూ ఏమంటారు? "చూశావా, పాత దెబ్బ ముదిరింది." పాత దెబ్బ తర్వాత ఏళ్ల తరబడి వేధించే నొప్పిలో చాలా భాగం తెగిన లిగమెంటుది కాదు, దాని చుట్టూ ఎండిపోయిన కండలది. ఆ కండల్ని ఎండగట్టినవాళ్లే నొప్పిని చూపించి తమ మాట నిజమైందంటారు. ఒక సలహా తాను తెచ్చిపెట్టిన నష్టాన్నే తనకు రుజువుగా చూపించుకుంటుంటే ఇక దాన్ని తప్పని తేల్చే దారేది?

దెబ్బ తగలగానే విశ్రాంతి, ఐసు, కట్టు, కాలు ఎత్తి పెట్టడం అన్న నాలుగు సూత్రాల్ని 1978లో తన పుస్తకంతో ప్రచారంలోకి తెచ్చినవాడు గేబ్ మిర్కిన్ అనే అమెరికన్ డాక్టరు. ఐసూ సంపూర్ణ విశ్రాంతీ మానడాన్ని ఆలస్యం చేస్తాయేమోనని దశాబ్దాల తర్వాత ఆయనే తన మాట సవరించుకున్నాడు. చెప్పినవాడు దిద్దుకున్నాడు. విన్నవాళ్లం మనం ఇంకా అక్కడే ఉన్నాం.

3. నొప్పి ఒకటి, నష్టం ఒకటి

"నొప్పి వస్తోందంటే లోపల ఇంకా అరుగుతోందని అర్థం" అనేది ఈ సలహాకు రెండో స్తంభం. కొత్త దెబ్బకు ఇది చాలావరకు సరిపోతుంది. ఏళ్లనాటి దెబ్బకు సరిపోదు.

అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 50 నుంచి 90 ఏళ్ల మధ్య వయసున్న 991 మందికి మోకాలి ఎమ్మారై తీశారు. నొప్పి ఉందా లేదా అని చూసి ఎంచుకున్నవాళ్లు కారు. మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ చిరిగినట్టు కనబడినవాళ్లలో 61 శాతం మందికి అంతకుముందు నెలలో మోకాలి నొప్పే లేదు. 2008లో వచ్చిన ఈ ఫలితం తర్వాతైనా స్కాన్ రిపోర్టును జాతకంలా చదవడం ఆగాల్సింది. ఆగలేదు. "గ్రేడ్ టూ", "డీజెనరేటివ్", "పార్షియల్ టేర్" అన్న మాటలు చదివి, ఆ పూట దాకా పొలం పని చేసుకున్న మనిషి ఆ సాయంత్రం నుంచే కుంటడం మొదలుపెట్టడం నేను కళ్లారా చూశాను. మోకాలు మారలేదు, మధ్యాహ్నం ఓ కాగితం చేతికొచ్చింది, అంతే.

నొప్పిని పట్టించుకోవద్దని అనడం లేదు. దాన్ని కొలమానంగా వాడుకోమంటున్నాను. సున్నా నుంచి పది దాకా లెక్క వేసుకుంటే, వ్యాయామం చేస్తున్నప్పుడు మూడు నాలుగు వరకు వచ్చే నొప్పి భరించదగ్గదే. మర్నాడు పొద్దుటికి అది మామూలు స్థితికి వచ్చి, వాపు పెరగకుండా ఉంటే ఆ బరువు మోకాలికి సరిపోయినట్టు. రాకపోతే ఎక్కువైనట్టు, తగ్గించాలి, మానేయకూడదు. వ్యాయామం మొదలుపెట్టినప్పుడు నొప్పి కొంత పెరగవచ్చనీ, అయినా క్రమం తప్పకుండా చేస్తే మేలేననీ రోగికి చెప్పమని బ్రిటన్ జాతీయ వైద్య మార్గదర్శకాలు కీళ్లవాతం విషయంలో 2022లో స్పష్టంగా రాశాయి. ఆ ఒక్క వాక్యం మన చీటీల మీద కనబడితే ఎంతమంది మొదటి వారంలోనే భయపడి మానేయకుండా ఉండేవారో!

4. బెల్టులూ సూదులూ

దీనికి ఎక్కువ చోటు అక్కర్లేదు. మోకాలికి తొడిగే నీక్యాప్ ధైర్యం ఇస్తుంది, నడిపిస్తుందంటే వేసుకోండి, కానీ అది కండ పెంచదు. స్టెరాయిడ్ సూది మూణ్ణెల్లకోసారి చొప్పున రెండేళ్లు వేసి చూసిన 2017 నాటి అమెరికా పరీక్షలో నొప్పిలో ఉప్పునీటి సూదికీ దానికీ తేడా రాలేదు. గుజ్జు మాత్రం స్టెరాయిడ్ వేసినవాళ్లలోనే ఎక్కువ పలచబడింది. రక్తంలోంచి తీసి ఎక్కించే పీఆర్‌పీని ఆస్ట్రేలియాలో 288 మందిపై పరీక్షిస్తే ఉప్పునీటిని మించలేదని 2021లో తేలింది. జెల్ ఇంజెక్షన్లు ఇవ్వొద్దనే బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇవన్నీ కీళ్లవాతం వచ్చిన మోకాళ్ల లెక్కలే. కానీ పాత దెబ్బ మోకాలికి మన ఊళ్లలో ముందుగా అమ్మేవీ ఇవే. ఒక్కో సూదికి పెట్టే డబ్బుతో ఫిజియోథెరపిస్టు దగ్గర ఎన్నో వారాలు నేర్చుకోవచ్చు.

5. ఆపరేషన్ దగ్గర రెండు వైపులా అతి

"ఆపరేషన్ ఒక్కటే దారి" అనేవాళ్లున్నారు, "కత్తి పడితే కాలు పాడే" అనేవాళ్లున్నారు. ఇద్దరికీ ఆధారాలు సగమే.

స్వీడన్‌లో ఏసీఎల్ అప్పుడే తెగిన 121 మంది యువకులను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు వెంటనే ఆపరేషన్, తర్వాత వ్యాయామం. రెండో జట్టుకు ముందు వ్యాయామం, అవసరమైతేనే ఆపరేషన్. 2010లో వెలువడిన రెండేళ్ల ఫలితాల్లో నొప్పి, పనితనం, ఆటల విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండో జట్టులోని 59 మందిలో 36 మందికి అప్పటికి ఆపరేషన్ అవసరమే పడలేదు.

ఇది చూపించి ఆపరేషన్ వ్యర్థం అంటే అదీ అన్యాయమే. తెగి చాలాకాలమైనా మోకాలు పట్టు తప్పుతూనే ఉన్న 316 మందిని బ్రిటన్‌లో పరీక్షించారు. 2022లో వచ్చిన ఆ ఫలితాల్లో ఆపరేషన్ జట్టే ముందుంది. వ్యాయామం జట్టులో 41 శాతం మంది చివరికి ఆపరేషన్ చేయించుకున్నారు. నడుస్తుంటే మోకాలు హఠాత్తుగా వదిలేసేవాళ్లకు, మధ్యలో ఇరుక్కుపోయి చాపలేనివాళ్లకు నేను చెప్పేది సర్జన్‌ను కలవమనే. మోకాలు ఎర్రబడి వేడెక్కి జ్వరం వస్తే ఆ రోజే వెళ్లాలి.

మరి ఈ రెండు పరీక్షల్లోనూ ఎక్కడా లేని జట్టు ఏది? విశ్రాంతి జట్టు. "ఊరికే జాగ్రత్తగా ఉండండి" అని ఎవరినీ పంపలేదు. వాదన ఆపరేషన్‌తో కూడిన వ్యాయామానికీ, ఆపరేషన్ లేని వ్యాయామానికీ మధ్యే నడిచింది. మన ఇళ్లలో ఎక్కువమంది అనుసరించే దారి ఆ పోటీలోకే రాలేదు. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లూ వ్యాయామాన్ని తప్పించుకోలేరు: నార్వేలో 106 మందిని గమనించిన అధ్యయనంలో ఆటకు తిరిగి రావడాన్ని తొమ్మిది నెలల దాకా ఆపిన ప్రతి నెలకూ మళ్లీ గాయపడే ప్రమాదం సగానికి సగం తగ్గింది. ఆ నెలలు పడుకోవడానికి ఇచ్చినవి కావు, రెండు తొడల బలం సమానం చేసుకోవడానికి ఇచ్చినవి.

6. "ఆటగాళ్లకు చెల్లుతుంది, మాకెలా?"

1994లో మోకాలి లిగమెంటు తెగి, పలుమార్లు శస్త్రచికిత్సలు చేయించుకుని, 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచిన పుల్లెల గోపీచంద్ పేరెత్తితే వెంటనే వచ్చే జవాబు ఇది. ఆయనకు దొరికిన శిక్షణ మనకు దొరకదు, నిజమే. కానీ ఆ మోకాలు మళ్లీ కోర్టులో దూకగలిగింది పొదుపుగా వాడినందువల్ల కాదు. మనకు ఆల్ ఇంగ్లండ్ అక్కర్లేదు; నేలమీద కూర్చుని లేవగలిగితే చాలు. దానికి కావలసిన బరువు కూడా అందుకు తగ్గట్టే తక్కువ.

బెర్లిన్‌లో కృత్రిమ మోకాళ్లలో కొలిచే పరికరాలు అమర్చి, ఏ పనికి కీలు మీద ఎంత భారం పడుతుందో లెక్క తీశారు. సమతలం మీద నడిస్తే దేహం బరువుకు సుమారు రెండున్నర రెట్లు. కుర్చీలోంచి లేస్తే దాదాపు అంతే. మెట్లు దిగితే మూడున్నర రెట్లు. ఇప్పుడు మన సలహా చూడండి: "రోజూ గంట నడువు, కానీ గుంజీలు తీయకు." గంట నడకలో వేల అడుగులు పడతాయి. కుర్చీ ఎత్తు దాకా పది గుంజీలు తీస్తే పడే భారం అందులో ఎన్నో వంతు? నడక మంచిదే, కానీ ఎండిన తొడకు నడక చాలదు. కండ పెరగాలంటే దానికి కష్టమనిపించే పని పడాలి.

ఆ పని ఇంట్లోనే ఉంది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి, మూడు లెక్కపెడుతూ మెల్లగా కూర్చోవడం. అది పదిహేను సార్లు తేలికైతే కుర్చీ బదులు పొట్టి స్టూలు. ఒక మెట్టు మీద మంచి కాలు ముందుకు చాపి, దెబ్బ కాలి మీద నెమ్మదిగా దిగడం. గోడ పట్టుకుని ఒంటికాలి మీద మడమలెత్తడం. వారానికి మూడు రోజులు, ఒక్కోటి మూడు విడతలు, కనీసం మూడు నెలలు. చేతిలో బియ్యం సంచి పట్టుకుంటే బరువు పెరుగుతుంది. దెబ్బ కాలిని విడిగా చేయించాలి, లేకపోతే మంచి కాలు దాని పనంతా దొంగిలిస్తుంది. మొదట ఒక్కసారైనా ఫిజియోథెరపిస్టు ముందు చేసి చూపించుకుంటే తప్పులు అక్కడే దిద్దుకోవచ్చు.

"ఇంటిపని అంతా నేనే చేస్తున్నాను, అది చాలదా" అని ఆడవాళ్లు అడుగుతారు. వాళ్ల మీదే నాకు ఎక్కువ దిగులు. ఇంటిపని గంటల తరబడి నిలబెడుతుంది, అలసట ఇస్తుంది; తొడను బలంగా కుదించి సాగదీసే పని మాత్రం అందులో తక్కువ. వాళ్లకు ఇచ్చే "జాగ్రత్త" కూడా విచిత్రమైనది: గిన్నెలు, బట్టలు, వంట ఏదీ ఆగదు, ఆగేవి నడక, గుడి మెట్లు, పిల్లలతో ఆట. పదేళ్లు అలా గడిచేసరికి బరువు పెరుగుతుంది, దానితో చక్కెర. ఒంట్లో కిలో బరువు తగ్గితే అడుగడుగునా మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో అమెరికాలో కొలిచి చూపించారు. కదలొద్దన్నవాళ్లే బరువు తగ్గమంటారు. ఎలా తగ్గాలి?

నష్టం మోకాలితో ఆగదు. నేలమీద పీట వేసుకుని కూర్చోలేనివాళ్లు పెళ్లి పంక్తిలో పక్కకు కుర్చీ వేయించుకుంటారు, వ్రతంలో వెనక నిలబడతారు, అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కాలన్న మొక్కును బస్సెక్కి తీర్చుకుంటారు. మోకాలు నిజంగా చెడిపోయినవాళ్లకు అది తప్పదు. కానీ నలభై దాటని మనిషిని, వాపు లేని మోకాలిని, ఎవరూ కొలవని తొడను ఆ వరసలో ఎందుకు కూర్చోబెట్టాలి?

పారాసెటమాల్ రాసినా రోజుకెన్ని, ఎన్నాళ్లు అని రాస్తారు. విశ్రాంతి కూడా మందే అయితే దానికీ మోతాదు, గడువు ఉండాలి. మోకాలికి విశ్రాంతి రాసిన ప్రతి చీటీ మీద అది ఏ తేదీన ముగుస్తుందో, మర్నాడు ఏ వ్యాయామం ఎన్నిసార్లు మొదలవుతుందో, రెండు తొడల కొలత ఈ రోజు ఎంతో రాసి ఉండాలి. రాయని చీటీని తిరిగి బల్ల మీద పెట్టి, రాయించుకునే బయటికి రండి.